గడియారం లేని కైనెటిక్స్ క్లాసు

ఈమధ్య మా స్టాఫ్‌రూమ్‌లో ఒక జిరాక్సు కాగితం చేతులు మారుతోంది. పైన పెద్దక్షరాలతో 'కైనెటిక్స్ ఒకే పేజీలో' అని ఉంది. కైనెటిక్స్ అంటే రసాయన చర్యల వేగాల చాప్టర్. నిజంగా ఒకటే పేజీ. జీరో ఆర్డర్, ఫస్ట్ ఆర్డర్, సెకండ్ ఆర్డర్ అని మూడు వరుసలు, వాటికెదురుగా రేటు సమీకరణం, కె అనే రేటు స్థిరాంకం యూనిట్లు, హాఫ్ లైఫ్ (పదార్థం సగానికి పడే సమయం) సూత్రం, గ్రాఫు వాలు. ఆర్డర్ అంటే చర్య రేటు పదార్థం గాఢత మీద ఎన్నో ఘాతంగా ఆధారపడుతుందో చెప్పే అంకె. అడుగున నక్షత్రం గుర్తు పెట్టి ఒక కిటుకు: యూనిట్లు చూడు, ఆర్డర్ చెప్పెయ్. కొత్తగా చేరిన లెక్చరర్ గారు దాన్ని ఫొటో తీసి సెకండియర్ గ్రూపులో పెట్టారు. పిల్లలు వరసగా దండం బొమ్మలు పెట్టారు.

కాగితంలో తప్పుందేమోనని వెతికాను, లేదు. నా గొడవల్లా వేరే. ఆ పేజీ మొత్తం మీద ఒక్క రీడింగు లేదు. ఇంతసేపటికి ఇంత మిగిలింది అని చెప్పే ఒక్క జత అంకెలు లేవు. టి అనే అక్షరం ఉంది గానీ కాలం ఎక్కడా లేదు. కాలంతో పాటు పదార్థం ఎలా మారుతుందో చెప్పడమే పనిగా పెట్టుకున్న చాప్టర్‌ని కాలం లేకుండా చెప్పెయ్యగలగడం మన ఇంటర్మీడియట్ చదువు సాధించిన ఘనకార్యాల్లో ఒకటి.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే. కైనెటిక్స్‌ని సూత్రంతో మొదలుపెట్టకూడదు. రీడింగులతో మొదలుపెట్టాలి. గడియారం ముందు, సమీకరణం తర్వాత. వినడానికి ఇది ఏ వర్క్‌షాపులోనో మధ్యాహ్నం భోజనాలయ్యాక చెప్పే మాటలా ఉంటుందని తెలుసు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మూడింటి ముందూ రెండే

'ఆర్డర్‌ని ప్రయోగం చేసి మాత్రమే కనుక్కోగలం' అన్న వాక్యం రాయని ఇంటర్ విద్యార్థి ఉండడు. రెండు మార్కుల ప్రశ్నకి అది ఖాయమైన జవాబు. రాసిన మరుక్షణం అదే విద్యార్థి సమీకరణంలో ముందున్న అంకె తీసుకెళ్ళి ఘాతంగా పెట్టేస్తాడు. ఎందుకు పెట్టడు? ప్రయోగం అన్నమాట చదివాడు, ప్రయోగం చూడలేదు. కళ్ళముందున్నది అంకే.

నేను బోర్డు మీద మూడు చర్యలు రాస్తాను. నైట్రోజన్ పెంటాక్సైడ్ విడిపోవడం, నైట్రోజన్ డయాక్సైడ్ విడిపోవడం, బాగా వేడెక్కిన ప్లాటినం మీద అమోనియా విడిపోవడం. మూడు సమీకరణాల్లోనూ ఎడమవైపు ఒకటే పదార్థం, మూడింటి ముందూ 2 ఉంటుంది. మొదటిది ఫస్ట్ ఆర్డర్. రెండోది సెకండ్ ఆర్డర్. మూడోది, అమోనియా పీడనం తగినంత ఉన్నప్పుడు, జీరో ఆర్డర్. కాగితం మీద ఒకే పోలికలో ఉన్న మూడు చర్యలు మూడు రకాలుగా నడుస్తున్నాయంటే ఆ తేడా కాగితంలో లేదన్నమాట. గదిలో కొంచెంసేపు ఎవరూ మాట్లాడరు. ఆ తర్వాత ఎవరో ఒకరు అడుగుతారు: "మరి పరీక్షలో సమీకరణం ఒక్కటే ఇస్తే ఎలా సార్?" అలా ఇస్తే ఆ ప్రశ్నే తప్పు నాన్నా అంటాను. నమ్మరు. ప్రశ్న తప్పుగా ఉండొచ్చన్న ఊహ వాళ్ళకి పద్దెనిమిదేళ్ళలోపు రానివ్వం మనం.

చరిత్రలో కూడా వరస ఇదే. 1850లో విల్‌హెల్మీ అనే జర్మన్ చక్కెర ద్రావణంలో ఆమ్లం కలిపి, ద్రావణం కాంతిని ఎంత తిప్పుతుందో కొలిచే పోలారిమీటర్‌లో కోణం ఎంత మారిందో చూస్తూ కూర్చున్నాడు. ఆ పట్టికలోంచే, మిగిలి ఉన్న చక్కెరని బట్టి రేటు ఉంటుందనే సమీకరణం వచ్చింది. 1860ల్లో ఆక్స్‌ఫర్డ్‌లో హార్‌కోర్ట్ రీడింగులు తీస్తే, ఎస్సన్ లెక్క కట్టాడు. ఒకరు కెమిస్టు, ఒకరు లెక్కల మనిషి. 1889లో అర్హీనియస్, వేడితో రేటు ఎలా మారుతుందో చెప్పే తన సమీకరణం రాసేటప్పటికి, వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర వేరేవాళ్ళు తీసిన రేట్లు అతని ముందున్నాయి. మనం మాత్రం పిల్లలకి నలభై ఏళ్ళ పనిని తిరగేసి, చివరి గీత నుంచి మొదలుపెట్టి, మొదటిదాకా వెళ్ళకుండానే చాప్టర్ ముగించేస్తాం.

ఇంటూ గుర్తు ఎప్పుడు మాయమైంది?

దీనికి పెద్ద ల్యాబు అక్కర్లేదు. హైపో (సోడియం థయోసల్ఫేట్) ద్రావణం, పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, చిన్న గాజు గ్లాసులు, తెల్ల కాగితం మీద పెన్నుతో వేసిన ఇంటూ గుర్తు, ఒక సెల్‌ఫోను. గ్లాసుని గుర్తు మీద పెట్టి, హైపోలో ఆమ్లం పోసి, పైనుంచి చూడాలి. కొంతసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత నీలిపాలలా ఒక మసక, ఆ తర్వాత పసుప్పచ్చటి గంధకం, గుర్తు కనపడకుండా పోతుంది. పాత ప్రయోగమే. ఎన్‌సీఈఆర్‌టీ ప్రాక్టికల్ పుస్తకంలో ఉంది.

హైపో పది ఎంఎల్, ఎనిమిది, ఆరు, నాలుగు తీసుకుని, ప్రతిసారీ నీళ్ళతో మొత్తం పది చేసి, ఒక్కో ఎంఎల్ ఆమ్లం పోయిస్తాను. అసలు పాఠం రీడింగు రాసే దగ్గర మొదలవుతుంది. ఒకమ్మాయి "పోయింది సార్" అంటుంది. పక్కనున్నవాడు "లేదు సార్, ఇంకా ఒక గీత కనబడుతోంది" అంటాడు. కళ్ళజోడు తీసి ఒకడు, పెట్టి ఒకడు. కిటికీ దగ్గర బెంచీకి ఒక సమయం, ట్యూబులైటు కింద బెంచీకి ఇంకో సమయం. ఇలా కాదని వాళ్ళే పంచాయితీ పెట్టుకుని ఒక నియమం చేసుకుంటారు: అన్ని గ్లాసులకీ ఒకటే కాగితం, ఒకరే చూడాలి, గీతలు రెండూ పోతేనే పోయినట్టు. ఎవరూ చెప్పకుండా వాళ్ళకి తట్టిన ఆ నియమమే ఈ చాప్టర్‌కి పునాది. ప్రతి గ్లాసులోనూ దాదాపు ఒకే మొత్తం గంధకం తేలడానికి పట్టిన కాలాన్ని పోలుస్తున్నాం కాబట్టే, ఆ కాలానికి విలోమాన్ని రేటు అనే హక్కు మనకి వచ్చింది.

హైపో సగమైతే సమయం రెట్టింపుకి దగ్గరగా వస్తుంది. గ్రాఫు గీస్తే చుక్కలు ఒక గీత చుట్టుపక్కల పడతాయి. ఫస్ట్ ఆర్డర్ అనే మాట అప్పుడు వాడతాను. తర్వాత హైపోని మార్చకుండా ఆమ్లాన్ని రెట్టింపు చేయిస్తాను. సమీకరణంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ముందు 2 ఉంది కాబట్టి, అంకెని నమ్ముకున్నవాళ్ళు సమయం నాలుగోవంతుకి పడిపోతుందని పందెం కాస్తారు. పడదు. దాని దరిదాపుల్లోకి కూడా రాదు. 'ప్రయోగం చేసి మాత్రమే' అనే వాక్యంలోని 'మాత్రమే' ఆ పూట వాళ్ళకి అందుతుంది.

ఇందులో జాగ్రత్తలున్నాయి. సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది, ఉబ్బసం ఉన్న పిల్లల్ని ముందే అడిగి దూరంగా కూర్చోబెట్టాలి, కిటికీలన్నీ తీసి ఉంచాలి, తక్కువ మోతాదుల్లోనే చేయాలి. రీడింగు అయిన గ్లాసుని వెంటనే సోడియం కార్బొనేట్ ద్రావణంలో వంపెయ్యాలి. బేసిన్‌లో పోసి ఊరుకుంటే గదంతా ఘాటు.

మొదటి చుక్క

ప్రయోగానికి టైమెక్కడిది అనేవాళ్ళకి ఇంకో సంగతి చెప్పాలి. మన ల్యాబుల్లో కైనెటిక్స్ ఏటా జరుగుతూనే ఉంది, మనమే దాన్ని పేరుపెట్టి పిలవడం లేదు.

ఆగ్జాలిక్ ఆమ్లాన్ని పర్మాంగనేటుతో టైట్రేషన్ చేయించేటప్పుడు, ఫ్లాస్కుని అరవై, డెబ్భై డిగ్రీలకి వేడి చేయమంటాం. రికార్డులో అందరూ ఆ వాక్యం రాస్తారు. ఒకసారి ఒక బైపీసీ అమ్మాయి బ్యూరెట్టు తిప్పి మొదటి చుక్క వేయగానే చెయ్యెత్తింది. ఫ్లాస్కంతా లేత గులాబీ. "సార్, ఎండ్ పాయింట్ వచ్చేసింది." ఒక్క చుక్కకేనా అని అందరూ నవ్వారు. ఆ అమ్మాయి ఫ్లాస్కు సరిగ్గా వేడెక్కలేదు. కాసేపు తిప్పుతూ ఉండమన్నాను. రంగు పోయింది. రెండో చుక్క ఇంకొంచెం తొందరగా పోయింది. నాలుగైదు చుక్కలయ్యాక, పడ్డది పడ్డట్టే మాయం.

చర్యలో పుట్టే మాంగనీస్ అయానే ఆ చర్యకి ఉత్ప్రేరకం. మొదట్లో అది లేదు కాబట్టి నిదానం, పుట్టేకొద్దీ వేగం. స్వయం ఉత్ప్రేరణ అని ఒక్క లైనులో పుస్తకాల్లో ఉంటుంది. ఆ లైను బట్టీపట్టినవాళ్ళు, ఆ చుక్కకి నవ్వినవాళ్ళు ఒకరే.

నాకు ముఖ్యమనిపించేది ఇక్కడ ఇంకోటి. జీరో ఆర్డర్ గీతని వదిలేస్తే, మన పుస్తకాల్లో గాఢతకీ కాలానికీ మధ్య గీసే గ్రాఫులన్నీ ఒకే తీరు: మొదట నిటారుగా దిగి, పోనుపోను చదును. ఆ బొమ్మలే చూసిన పిల్లాడికి ఒక నమ్మకం ఏర్పడుతుంది. ఏ చర్యైనా మొదట్లోనే వేగం, తర్వాత దానంతటదే నెమ్మదిస్తుంది, కాబట్టి మొదట ఏమీ కాకపోతే ఇక ఏమీ కాదు. ఈ నమ్మకం పరీక్షలో ఒక్క మార్కు కూడా పోగొట్టదు. బయట పోగొడుతుంది.

చల్లగా ఉంటే భద్రమనుకున్నా సార్

మా దగ్గర చదివిన పిల్లల్లో చాలామంది బీఎస్సీ చేసి ఫార్మా యూనిట్లలో షిఫ్ట్ కెమిస్టులుగా చేరతారు. ఇటు పరవాడ, అటు జీడిమెట్ల. వాళ్ళలో ఒకడు పోయిన సంక్రాంతికి ఇంటికొచ్చి చెప్పిన సంగతి ఇది. రియాక్టర్‌లోకి ఒక రసాయనాన్ని కొంచెం కొంచెంగా వదలాలి. కలిసినప్పుడు బాగా వేడి పుడుతుంది. ఆ రాత్రి రియాక్టర్ చుట్టూ ఉండే జాకెట్‌లో తిరిగే బ్రైన్ (చల్లబరిచే ఉప్పునీళ్ళు) బాగా చల్లగా ఉంది, ఉష్ణోగ్రత చెప్పినదానికన్నా కింద ఉంది. వేడి ఎక్కడం లేదు కదా అని ఆపరేటరు వదిలే వేగం పెంచబోయాడు. సీనియర్ వచ్చి ఆపించి, కేకలేశాడట.

"చల్లగా ఉంటే భద్రం కదా అనుకున్నా సార్. అప్పుడు చెప్పాడాయన. వేడి ఎక్కట్లేదంటే చర్య ఆగిందని కాదు, జరగాల్సింది లోపల పోగవుతోందని."

అదే. చల్లదనానికి రేటు పడిపోయింది. పోసింది పోసినట్టు ఖర్చవడం లేదు, పేరుకుంటోంది. ఆ తర్వాత ఏ కారణంగానో కాస్త వేడెక్కితే పేరుకున్నదంతా ఒక్కసారి అందుకుంటుంది. వీడికి అర్హీనియస్ సమీకరణం ఇప్పటికీ నోటికి వచ్చు. నా ముందే అప్పజెప్పాడు కూడా. ఆ సమీకరణం ఆ రాత్రి వాడికి రియాక్టర్ ముందు ఎందుకు గుర్తురాలేదన్నదే నా ప్రశ్న.

పది డిగ్రీలకి రేటు రెట్టింపు అని మనం చెప్పే లెక్క ఉంది చూడండి, అది గది ఉష్ణోగ్రత దగ్గర, ఉత్తేజన శక్తి (చర్య జరగడానికి అణువులు దాటాల్సిన శక్తి గోడ) మోలుకి 53 కిలోజౌళ్ళ ప్రాంతంలో ఉంటేనే నిజం. 100 కిలోజౌళ్ళైతే అదే పది డిగ్రీలకి మూడున్నర రెట్లు దాటుతుంది. సరే, రెట్టింపే అనుకుందాం. 20 నుంచి 60 డిగ్రీలకి పోతే చర్య పదహారు రెట్లు. పుట్టే వేడీ అంతే. మరి జాకెట్‌లో 10 డిగ్రీల నీళ్ళు తిరుగుతుంటే, అవి లాగేసే వేడి తేడాని బట్టి ఉంటుంది: మొదట తేడా 10, ఇప్పుడు 50. అయిదు రెట్లు. పుట్టేది పదహారు, పోయేది అయిదు. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టించే ప్రశ్న ఒక్కటి నేను మన పరీక్షల్లో చూడలేదు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ పక్కన ఆర్.ఆర్. వెంకటాపురంలో, ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై జరిగింది మనకెవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. పన్నెండు మంది పోయారు. నేను క్లాసులో చెప్పేది ఒక్క విషయమే. అది రియాక్టర్ కాదు, నిల్వ ట్యాంకు. లాక్‌డౌన్‌లో ఎవరూ అక్కడ ఏ చర్యనీ నడపడం లేదు. కానీ స్టైరీన్ ఊరికే ఉన్నా నెమ్మదిగా పాలిమర్ అవుతూ వేడి పుట్టిస్తుంది. దాన్ని ఆపడానికి కలిపే ఇన్హిబిటర్ రోజులు గడిచేకొద్దీ ఖర్చైపోతుంది, అది పనిచేయాలంటే కరిగిన ఆక్సిజన్ కూడా ఉండాలి. పుట్టిన వేడి పోకపోతే చర్య వేగం పెరుగుతుంది, ఇంకా వేడి. చాలాకాలం ఏమీ జరగనట్టుండి ఆ తర్వాత ఆగనిది. మన పుస్తకంలోని గ్రాఫుకి సరిగ్గా తలకిందులు. ఆ ఉదంతంలో యాజమాన్యాలవీ, తనిఖీలవీ తప్పులేమిటో తేల్చింది వేరేవాళ్ళు, అది కెమిస్ట్రీ మాస్టారి పని కాదు. కానీ ఊళ్ళ పక్కన ట్యాంకులున్న రాష్ట్రంలో 'నెమ్మదిగా' అంటే 'జరగడం లేదు' అని కాదని పిల్లలకి నమ్మకం కలిగించడం మాస్టారి పనే.

పిరియడ్లు ఎవడిస్తాడు?

కొత్త లెక్చరర్ గారితో ఇదంతా చెప్పాను. తెలివైన మనిషి, నా మాట కాదనలేదు. "మాస్టారూ, ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. అందులో మనవి 40. మీ ఇంటూ గుర్తుకి ఒక పిరియడ్ పోతుంది. ఆ పిరియడ్‌లో నేను ముప్ఫై బిట్లు చేయిస్తాను. మీ పిల్లలకి కైనెటిక్స్ అర్థమవుతుంది, నా పిల్లలకి సీటొస్తుంది" అన్నారు.

దీనికి నా దగ్గర చేతిలో పెట్టే జవాబు లేదు. మా కాలేజీకొచ్చేది కూలిపనులవాళ్ళ పిల్లలు. ర్యాంకు ఒక మెట్టు పైకొస్తే ఇంటి పరిస్థితి మారిపోయే పిల్లలు. వాళ్ళ ఆ ఒక్క పిరియడ్‌ని నా సిద్ధాంతం కోసం ఖర్చుపెట్టే హక్కు నాకుందా అని నేనూ అనుకుంటాను. రీడింగులు తీస్తే మార్కులు పెరుగుతాయని నేను హామీ ఇవ్వను. అలా ఇచ్చేవాళ్ళని నమ్మొద్దు కూడా.

కానీ ఆయన లెక్కలో బైపీసీ లేదు. ఎంపీసీ పిల్లలు సెకండియర్‌లో ఇంటిగ్రేషన్ చదువుతారు కాబట్టి ఇంటిగ్రేటెడ్ రేటు సమీకరణం ఎక్కడనుంచి వచ్చిందో కనీసం ఊహించగలరు. బైపీసీవాళ్ళకి లెక్కలు పదోతరగతితోనే సరి. వాళ్ళ ముందు 2.303 బై టి, లాగ్ ఫలానా అని రాయడం మంత్రం చెవిలో ఊదడమే. 2.303 ఏమిటని అడిగిన పిల్లలకి 'అది అంతే' అనే జవాబు ఇప్పటికీ చాలా క్లాసుల్లో వినబడుతోంది. వాళ్ళకి పట్టిక పెట్టండి: 100, 50, 25, 12.5. ప్రతి సగానికీ ఒకే సమయం. పారాసిటమాల్ రక్తంలో సగానికి పడటానికి రెండు మూడు గంటలు పడుతుందని చెప్పి, ఆరు గంటలకి ఎంత మిగులుతుందో లెక్కేయమనండి. డాక్టరు చీటీ మీద ఆరు గంటలకోసారి అని ఎందుకుంటుందో వాళ్ళే మాట్లాడతారు. తర్వాత సారా సంగతి చెప్పండి. మామూలుగా తాగే మోతాదుల్లోనే లివరు దాన్ని గంటకింత అని దాదాపు ఒకే రేటున తీసేస్తుంది, ఎంత తాగాడన్నదానితో పనిలేదు. ఒక అబ్బాయి వెంటనే, "అందుకే మా మావయ్య పొద్దున్నకి కూడా దిగడు సార్" అన్నాడు. జీరో ఆర్డర్‌కి అంతకన్నా మంచి నిర్వచనం నేను ఇంతవరకూ చెప్పలేకపోయాను. ఇందులో లాగ్ టేబులు లేదు, కలనగణితం లేదు, నీట్‌కి నష్టం కూడా లేదు.

నా పద్ధతి మీద నా అనుమానాలు

ప్రయోగం చేయిస్తే సత్యం చేతికొచ్చేస్తుందని కూడా అనను. ఆ ఇంటూ గుర్తు ప్రయోగంలోనే లొసుగులున్నాయి. గుర్తుని కప్పేది గంధకం ఎంతుందన్నదే కాదు, దాని రేణువులు ఎంత పెద్దవన్నది కూడా. వేడి మార్చినప్పుడు రేణువుల తీరు మారితే మన విలోమ సమయం అంత నికార్సైన కొలత కాదు. బాగా పలచటి గ్లాసులో గుర్తు ఎప్పుడు పోయిందో చెప్పడం చాలా కష్టం.

ఆర్డర్ దొరికినా చర్య ఎలా జరిగిందో దొరికినట్టు కాదు. హైడ్రోజన్, అయోడిన్ కలవడాన్ని బోడెన్‌స్టైన్ 1890ల్లో శ్రద్ధగా కొలిచాడు. ఒక్కోదానికి ఫస్ట్ ఆర్డర్, మొత్తం రెండు. రెండు అణువులు ఢీకొని ఒక్క దెబ్బకి అయిపోతుందనడానికి ఇంతకన్నా చక్కటి ఉదాహరణ లేదని దశాబ్దాలపాటు పాఠం చెప్పారు. 1967లో సలివాన్ కాంతితో అయోడిన్ పరమాణువుల్ని పుట్టించి చూసి, అసలు దారి వాటిగుండా పోతోందని చూపించాడు. రేటు నియమం మాత్రం అదే. రెండు దారులకీ ఒకే నియమం వస్తుంటే రీడింగులొక్కటే ఏం తేల్చగలవు? కాబట్టి పట్టిక మీద కూడా గుడ్డి నమ్మకం పనికిరాదు. అయితే ఈ అనుమానం రావడానికైనా ముందు ఒక పట్టిక చేతిలో ఉండాలి కదా.

అన్నట్టు, వేడికి రేటు ఎక్కువవుతుందనడానికి చాలామంది చెప్పే పెరుగు తోడుకునే ఉదాహరణ నేను మానేశాను. చలికాలంలో తోడు ఆలస్యమవుతుంది నిజమే, కానీ అక్కడ బ్యాక్టీరియా పెరుగుతోంది, పాలు మరీ వేడిగా ఉంటే తోడే చచ్చిపోతుంది. 'మరి ఇంకా వేడి చేస్తే ఇంకా తొందరగా తోడుకోవాలి కదా సార్' అని ఎవరైనా అడిగితే అర్హీనియస్‌ని వదిలేసి వేరే పాఠంలోకి పోవాలి. అడగకపోతే ఇంకా బాధ.

ఈసారి స్లిప్ టెస్టులో ఒక ప్రశ్న మార్చాను. హైపో ఘనపరిమాణాలు, సమయాలు పట్టికగా ఇచ్చాను. ఒక రీడింగు కావాలనే వరస తప్పించాను. ఆర్డర్ కనుక్కోమన్నాను. చివర్న, ఈ పట్టికలో మీకు నమ్మకం కలగని రీడింగు ఏది, ఎందుకు అని అడిగి, దానికి రెండు మార్కులు పెట్టాను. కొత్త లెక్చరర్ గారు చూసి, దీనికి కీ ఎలా రాస్తారు మాస్టారూ అన్నారు. రాయలేం. ఏది అన్నదానికి ఒక మార్కు, ఎందుకు అన్నదానికి పిల్లలు ఏం రాస్తే అది చదివి ఒక మార్కు. రెండు సెక్షన్ల పేపర్లు అలా దిద్దడానికి ఆదివారం సగం పోయింది. గ్లాసు పలచగా ఉంటే గుర్తు ఎప్పుడు పోయిందో తెలీదు అని రాసినవాళ్ళున్నారు. అంతకు ముందు గ్లాసు సరిగా కడగలేదేమో అని రాసినవాళ్ళున్నారు. ఇద్దరికీ మార్కు వేశాను. 'పుస్తకంలో ఇలా లేదు' అని రాసినవాళ్ళకి వెయ్యలేదు, వాళ్ళింకా నాతో వాదిస్తున్నారు.